లోపలి గాలికి మొదటి బహుమతి

మానవుడు పుట్టిన నాటి నుంచి గాలిని ఎవరి అనుమతీ లేకుండా, ఎక్కడ పడితే అక్కడ, ఇష్టం వచ్చినట్టు పీలుస్తూ వచ్చాడు. ఈ అరాచకానికి తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో తెరపడింది. ఈ మూడు ఊళ్లనూ కలిపి 'లోపలి గాలి అభివృద్ధి త్రికోణం'గా ప్రకటించి, త్రికోణానికి ఒక శాఖను, శాఖకు ఒక జీపును, జీపుకు ఒక అధికారిని మంజూరు చేశారు. (జీపు ముందు వచ్చింది. అధికారి వచ్చేసరికి జీపు మరమ్మతుకు వెళ్లింది.)

శాఖ ఆశయం గొప్పది. మనిషి బతుకులో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది కనుక ఆ గోడల మధ్య గాలి బాగుంటే మనిషి బాగుంటాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు పట్టడమే వృత్తిగా పత్రికల్లో రాసుకునే నేను కూడా పట్టలేదు. కారణం ఉంది. మా అమ్మాయి శ్రీనిధికి ఉబ్బసం. మూడో తరగతి చదువుతోంది. పుస్తకాల సంచిలో నీళ్ల సీసా పక్కన ఇన్‌హేలర్ పెట్టుకుని బడికి వెళ్తుంది. పిల్లలు పీల్చే గాలి బాగుచేస్తామని ఎవరైనా వస్తే వాళ్ల కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునే స్థితిలో ఉన్నవాణ్ని నేను.

అందుకని, తెనాలి తరఫున నమూనా గదిగా మా అమ్మాయి తరగతి గదినే ఎంపిక చేశారని తెలిసిన రోజున మా ఆవిడ తేజస్వి సేమ్యా పాయసం చేసింది.

బడి పేరు చెప్పను. (చెబితే ఆ పేరుతో ఇంకో ఫ్లెక్సీ కడతారు.) కాలువ పక్కన ఉంటుంది. గదికి ఒక తలుపు, ఒక కిటికీ. కిటికీ పెద్దది. మధ్యాహ్నం దాటాక కాలువ మీది గాలి లోపలికి వస్తే పిల్లల నోటు పుస్తకాల్లో పేజీలు వాటంతట అవే తిరుగుతాయి. శ్రీనిధి చోటు ఆ కిటికీ పక్కనే. వాళ్ల టీచరు వాగ్దేవి గారు బడి తెరిచిన మొదటిరోజే దాన్ని అక్కడ కూర్చోబెట్టారు. అందుకు శాఖ అవసరం కలగలేదు.

శాఖ ఒక మీటరు పంపింది. టిఫిన్ డబ్బా అంత తెల్లటి పెట్టె. ముందువైపు ఎర్రటి అంకెలు, పక్కన గాలి లోపలికి పోవడానికి గుండ్రటి జల్లెడ. గదిలో గాలి ఎంత చెడ్డదైతే అంత పెద్ద అంకె చూపిస్తుంది. అంకె యాభై లోపు ఉంటే పచ్చలైటు. మూడు వందలు దాటితే ఎర్రలైటు వెలిగి కుయ్‌కుయ్‌మని అరుస్తుంది. ఇందులో అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. గోడకు మేకు కొట్టి తగిలిస్తే దాని పని అది చేసుకునేది.

అయితే మనం కొత్త వస్తువును దాని మానాన దాన్ని వదిలేసే మనుషులం కాము. స్కూటరు కొన్నా, మిక్సీ తెచ్చినా, బోరు వేయించినా ముందు బొట్టు పెట్టి ఆ తరువాతే మీట నొక్కుతాం. హెడ్మాస్టరు దశరథరామయ్య గారు ఇలాంటి విషయాల్లో మరీ పట్టింపు ఉన్నవారు. ముహూర్తం పెట్టించారు. శాఖాధికారి బసవేశ్వరరావు గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. మీటరుకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు. (బొట్టుకు వీలుగా గుండ్రంగా కనిపించిన చోటు ఆ జల్లెడ ఒక్కటే.) బంతిపూల దండ వేశారు. అగరొత్తులు కట్టకు కట్ట వెలిగించారు. పళ్లెంలో ముద్దకర్పూరం పోశారు. హారతి మధ్యలో ఆరిపోతే అశుభం కనుక ఫ్యాను ఆపారు. కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టారు. మూసిన కిటికీ బోసిగా కనపడుతోందని దాని ఊచలకు అతిథుల ఫొటోలున్న ఫ్లెక్సీ కట్టారు. తలుపు దగ్గర గాలి దూరే సందు కొంచెం మిగిలింది కానీ అక్కడ తల్లిదండ్రులం నిలబడ్డాం.

అప్పుడు బసవేశ్వరరావు గారు మీట నొక్కారు. అంకె రెండు వందలతో మొదలై, నాలుగు వందలు దాటి, ఏడు వందలు దాటి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. (పెట్టెలో నాలుగో అంకెకు చోటు లేదు.) ఎర్రలైటు వెలిగింది. పెట్టె ప్రాణం పోతున్నట్టు అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన కళ్లు మూసుకుని దణ్ణం పెట్టి, "శుభమండి. సరిగ్గా హారతి వేళకి గంట మోగింది" అన్నాడు.

శ్రీనిధికి దగ్గు తెర ఆగడం లేదు. నేను దాన్ని ఎత్తుకుని వరండాలోకి వచ్చేశాను. లోపల బసవేశ్వరరావు గారు ఆ అంకెను గుమాస్తా చేత రాయిస్తున్నారు. మీటరు పెట్టిన ముహూర్తాన వచ్చిన అంకె నిబంధనల ప్రకారం 'ప్రారంభ అంకె'. పథకం పుణ్యం తగలక ముందు మా పిల్లలు రోజూ పీలుస్తూ వచ్చిన గాలి అదేనన్నమాట. ఇన్నేళ్లుగా ఆ గదిలో పిల్లలు ఎలా బతికి బట్టకట్టారో శాఖ విచారించలేదు.

మర్నాటికి పొగ పోయింది. అంకె నూట నలభైకి దిగింది. రాత్రికి రాత్రే ఎనభై ఆరు శాతం అభివృద్ధి! రోడ్లకు గానీ నీళ్లకు గానీ ఎన్నడూ పట్టని అదృష్టం గాలికి పట్టింది. బసవేశ్వరరావు గారి ఫొటో పేపర్లో వచ్చింది. (ఆయన గట్టిగా ఊపిరి పీలుస్తున్నట్టు తీశారు.) ఆ నూట నలభై కూడా జల్లెడ మీది కుంకుమ తుడిస్తే తగ్గుతుందేమో అని మీటరు బిగించిన మెకానిక్ అన్నాడట. పెట్టిన బొట్టు తుడవడం ఏంటని అతన్ని కేకలేశారు.

పూజ అయిపోయింది. పళ్లెం తీశారు, దండ తీశారు. ఫ్లెక్సీ తీయలేదు.

వాగ్దేవి గారు వారం ఓపిక పట్టి హెడ్మాస్టరు గారి గదికి వెళ్లారు. ఆ సమయంలో నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, ఆ ఫ్లెక్సీ విప్పించి కిటికీ తీయించండి. పిల్లలకి ఉక్కగా ఉంటోంది. శ్రీనిధికైతే మధ్యాహ్నానికల్లా ఆయాసం వస్తోందండి."

"తీయించొచ్చమ్మా. కానీ విప్పితే మడత పెట్టాలా? మడత పెడితే ఎవరో ఒకరి ముఖం మీద మడత పడుద్ది. ఎవరి ముఖం మీద పడిందని రేపు అడుగుతారు. నేనేం చెప్పను?"

"చుట్టి పెట్టొచ్చు కదండీ?" అన్నాను నేను.

"చుడితే అందరి ముఖాలూ చుట్టుకుపోతాయి చంద్రశేఖరం గారూ" అన్నారు ఆయన. ఆ సంగతి నాకు తట్టనందుకు నా మీద జాలిపడ్డారు కూడా. చివరికి, శాఖ వారు ఒక్క మాట చెబితే తనకు అభ్యంతరం లేదన్నారు.

శాఖ మేడ మీద ఉంది. బసవేశ్వరరావు గారి గదిలోకి అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. నాలుగు కిటికీలు, నాలుగూ బార్లా తెరిచి ఉన్నాయి. బల్ల మీది కాగితాలు ఎగిరిపోకుండా ఆయన వాటి మీద ఇంకో మీటరు పెట్టుకున్నారు. మంచి మనిషి. టీ తెప్పించారు. పాప ఆరోగ్యం గురించి అడిగారు.

"మా మేనకోడలికీ ఇదే బాధండి, పాపం. కిటికీ పక్కన కూర్చోబెట్టమన్నారు డాక్టరు గారు" అన్నారు.

"నేనూ అదే అడగడానికి వచ్చానండి. ఆ తరగతి గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దాన్ని తీయిస్తే చాలు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "కిటికీ అంటే బయటి గాలండి. మాది లోపలి గాలి. బయటి గాలి వేరే శాఖది. వాళ్ల గాలి వచ్చి మా గదిలో కలిసిందనుకోండి, అప్పుడొచ్చిన అభివృద్ధి వాళ్లదా, మాదా? ఆడిట్ వాళ్లు పీక పట్టుకుంటారండి."

"మరి మీ గదిలో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి కదండీ?"

"ఇది ఆఫీసండి, పథకంలో లేదు. అయినా ఇవి మూసుకుని ఇక్కడ ఎవరైనా కూర్చోగలరా అండి?" అన్నారు ఎంతో మామూలుగా.

నాకు ఒళ్లు మండిపోయింది. మండినా టీ తాగి, దణ్ణం పెట్టి, మెట్లు దిగి వచ్చాను. ఇలాంటి వాళ్ల ముందు మనకు కోపం ఎప్పుడూ మెట్లు దిగాకే వస్తుంది.

వాగ్దేవి గారు నా అంత మర్యాదస్తురాలు కాదు. ఫ్లెక్సీ కింది మూల ముడి మెల్లగా విప్పి, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, ఒక రెక్క జానెడు తెరిచారు. పైనుంచి చూస్తే పెద్దల ముఖాలు ముఖాల్లాగే ఉన్నాయి. కింద మా అమ్మాయి హాయిగా ఊపిరి తీసుకుంటోంది. నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదో రోజున శాఖ నుంచి తాఖీదు వచ్చింది. మీ గదిలో అంకె ప్రతిరోజూ బడి మొదలవగానే అనుమానాస్పదంగా తగ్గుతోంది, శాఖ ప్రమేయం లేకుండా జరుగుతున్న ఈ అభివృద్ధికి బాధ్యులెవరో తెలుపగలరు అని. దశరథరామయ్య గారు వడ్రంగిని పిలిపించి రెక్కలకు మరలు బిగించారు.

పిల్లను వరండాలో కూర్చోబెట్టి పాఠం చెబుతానన్నారు టీచరు. దానికీ జవాబు సిద్ధంగా ఉంది. నమూనా గది విద్యార్థులు నమూనా గాలినే పీల్చవలెను. వరండాలో పీల్చిన గాలి హాజరుకు రాదు.

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న అడగొచ్చు. బడి మార్చవచ్చు కదా? అడిగాను. ఊళ్లో ఉన్న మిగతా బళ్లన్నీ రెండో విడతలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నాయి. ఒకాయనైతే ముందు జాగ్రత్తగా కిటికీలన్నీ మూయించేశారు కూడా. పైగా శ్రీనిధి ఒప్పుకోలేదు. "వాగ్దేవి టీచర్ ఇక్కడే ఉంటారుగా. నేను ఎక్కడికీ వెళ్లను" అంది.

మూడు నెలలు తిరిగేసరికి శాఖకు పెద్ద చిక్కు వచ్చిపడింది. మూడు నెలలకోసారి కొత్తగా ప్రారంభ అంకె తీసుకోవాలి, చివర ముగింపు అంకె తీసుకోవాలి. రెంటికీ తేడా ఎంత ఎక్కువ ఉంటే అంత అభివృద్ధి. మూడు ఊళ్లకూ పోటీ, గెలిచిన గదికి బహుమతి. అయితే నూట నలభైతో మొదలుపెడితే ఎంతకని తగ్గిస్తారు? నిజంగా గాలి బాగుచేస్తే తప్ప దారి లేని పరిస్థితి ఏర్పడింది.

దశరథరామయ్య గారే దారి చూపారు. మీటరుకు మళ్లీ పూజ చేయాలన్నారు.

బసవేశ్వరరావు గారు ఆయన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. మళ్లీ ఫ్యాను ఆగింది, అగరొత్తులు వెలిగాయి, అంకె తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఎక్కింది. ఈ శుభవార్త సాయంత్రానికి బాపట్ల చేరింది. అక్కడి నమూనా గది ఒక హాస్టలు భోజనాల హాలు. వాళ్లు బస్తాడు కొబ్బరి పీచు తెప్పించి సాంబ్రాణి వేశారు. ఎంతో దూరాన సూర్యలంక బీచికి పోయే ఆదివారం జనం ఆగి, హాస్టలు తగలబడుతోందా అని అడిగి వెళ్లారట. వాళ్లకూ తొమ్మిది వందల తొంభై తొమ్మిదే. రేపల్లె వారిది గ్రంథాలయం. వాళ్లు ఏకంగా హోమం పెట్టుకున్నారు. నెయ్యి తగ్గించి పచ్చి మామిడి పుల్లలు ఎక్కువ వేయండని బతిమాలితే పురోహితుడు మొదట చిన్నబుచ్చుకున్నాడు కానీ, జరిగేది ప్రజాహితం కోసమని విని సరేనన్నాడట.

మూడు ఊళ్లకూ ఒకటే అంకె. మరి విజేతను తేల్చేదెలా? శాఖ కొత్త నిబంధన తెచ్చింది. ప్రారంభ అంకె ఎక్కడమే కాదు, నిలకడగా నిలబడాలి. ఎవరి గదిలో ఎక్కువసేపు నిలబడితే వారిది నిజాయితీ గల ప్రారంభం. దాంతో పిల్లల గాలి బాగుచేయడానికి పుట్టిన శాఖ, పొగ బయటికి పోకుండా ఆపడమెలా అనే శాస్త్రంలో పడింది. కిటికీ అంచులకు ప్లాస్టరు అంటించారు. తలుపు కింద సందులో తడిగుడ్డలు కుక్కారు. అంగలకుదురులో పశువుల కొట్టంలో దోమలు చేరకుండా పొగ వేయడంలో చెయ్యి తిరిగిన హనుమయ్యను గౌరవ సలహాదారుగా పిలిపించారు. ఆయన గది నలుమూలలా చూసి, బెంచీల మీద కూర్చున్న పిల్లల్ని చూసి, "గేదెల్ని ఎప్పుడు తోలుకొస్తారండి?" అని అడిగాడు.

గది వాడుకలో ఉండగానే అంకె తీయాలని నిబంధన. కనుక పిల్లల్ని లోపలే ఉంచారు.

ఆ రోజు జరిగింది నాకు వాగ్దేవి గారే తరువాత చెప్పారు. పెట్టె అరుస్తోంది. అంకె నిలబడి ఉంది. హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. రేపల్లెను దాటడానికి ఇంకాస్త సేపు చాలు. శ్రీనిధి ఇన్‌హేలర్ తీసింది, పీల్చింది, మళ్లీ పీల్చింది. తరువాత తలను బెంచీ మీద ఆనించింది. పెదాలు రంగు మారుతున్నాయి. టీచరు దాన్ని భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వచ్చారు.

"ఒక్క క్షణం అమ్మా, ఒక్క క్షణం! తలుపు తీస్తే అంకె పడిపోద్ది" అన్నారట హెడ్మాస్టరు గారు.

"తప్పుకోండి సార్" అని ఆవిడ మోచేత్తో ఆయన్ను పక్కకు నెట్టి, కాలితో తడిగుడ్డలు తన్ని, తలుపు తీసుకుని బయటికి పరుగెత్తారు. నేను ఆసుపత్రికి చేరేసరికి శ్రీనిధి ముఖానికి నెబ్యులైజర్ పెట్టి ఉంది. మాస్కు లోపలి నుంచి నన్ను చూసి చెయ్యి ఊపింది. తేజస్వి దాని పాదాలు పట్టుకుని కూర్చుంది. నన్ను చూడలేదు. "వెళ్లి ఆ పెట్టెను నేలకేసి కొట్టి రండి. మీరు రాసేవన్నీ తరువాత రాసుకోవచ్చు" అంది.

ఆ విడత రేపల్లె గెలిచింది.

లోపలి పిల్లను అనుమతి లేకుండా బయటికి తీసుకుపోయి ప్రారంభ అంకెకు నష్టం కలిగించినందుకు వాగ్దేవి గారిని సంజాయిషీ అడిగారు. ఆవిడ ఒక్క వాక్యం రాసి ఇచ్చారు: 'పిల్లకు ఊపిరి అందలేదు.' పై నుంచి వచ్చిన జవాబు అంతకంటే పెద్దదేమీ కాదు. 'సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. ఊపిరి అందుట ఈ పథకపు లక్ష్యములలో లేదు.' (ఇది నేను కల్పించి ఉంటే ఇంత బాగా కల్పించలేకపోయేవాణ్ని.) ఆవిడకు రావాల్సిన ఇంక్రిమెంటు ఆగింది.

అలాగని శాఖకు హృదయం లేదని అనకూడదు. ఆ ఏడు ఆఖరి విడత పూజకు ముందు రోజు దశరథరామయ్య గారు స్వయంగా మా ఇంటికి ఫోన్ చేశారు.

"చంద్రశేఖరం గారూ, రేపు పాపని బడికి పంపకండి. పొగ ఉంటుంది."

"ఏంటండీ? పొగా?" అన్నాను.

"పూజ ఉంటుంది" అని సర్దుకుని ఫోన్ పెట్టేశారు. ఈ పథకం మొత్తం మీద నిజం బయటికి వచ్చిన సందర్భం ఇదొక్కటే. అందుకు ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

దగ్గే పిల్ల లేదు, ఎత్తుకుని పరుగెత్తే టీచరుకు ఆ రోజు వేరే బడిలో శిక్షణ తరగతి వేశారు. తలుపు తెరుచుకోలేదు. అంకె గోడకు కొట్టిన మేకులా కదలకుండా నిలబడింది. తెనాలికి మొదటి బహుమతి వచ్చింది.

బహుమతి లారీలో వచ్చింది. గాలిని శుద్ధి చేసే యంత్రం. పెళ్లిలో ఇచ్చే బీరువాకు పెద్దన్నలా ఉంది. దించే మనుషుల మేస్త్రీ వెంకయ్య దాన్ని ఒక చూపు చూసి, గది తలుపును ఒక చూపు చూసి, తువ్వాలుతో రెండూ కొలిచి చూసుకున్నాడు.

"తలుపులో పట్టదండి. నిలువుగా పట్టదు, అడ్డంగానూ పట్టదు. కిటికీ పీకాల్సిందే."

నేను అక్కడే ఉన్నాను. హెడ్మాస్టరు గారి ముఖం చూశాను. ఎన్ని నెలలుగా, ఎన్ని మాటలు, ఎన్ని మెట్లు! ఆ ముఖాలు మడతపడకూడదని, ఆ గాలి వేరే శాఖదని, అభివృద్ధి ఎవరిదో తేలదని ఎన్ని కారణాలు!

"పీకెయ్యండి" అన్నారు దశరథరామయ్య గారు. బసవేశ్వరరావు గారు ఫోన్‌లోనే అనుమతించారు. దానికి ఏ కాగితమూ కదలలేదు.

ఫ్లెక్సీ కత్తితో కోశారు. పెద్దల ముఖాలు నాలుగు ముక్కలై నేల మీద పడ్డాయి, వెంకయ్య మనుషులు వాటి మీదుగానే నడిచారు. ఎవరి ముఖం ముందు పడిందని ఎవరూ అడగలేదు. మరలు విప్పారు, ప్లాస్టరు లాగారు, చివరికి ఊచలతో సహా చట్రం మొత్తం గోడలోంచి ఊడి వచ్చింది. యంత్రాన్ని మోకులు కట్టి ఆ కంతలోంచి లోపలికి జారవిడిచారు. అందరూ అలసిపోయి టీకి వెళ్లారు. గోడలో కిటికీ అంత ఖాళీ మిగిలింది.

మధ్యాహ్నం వాగ్దేవి గారు ఫోన్ చేశారు. "ఒకసారి వచ్చి వెళ్లండి. పెద్ద విషయం ఏమీ కాదు, రండి."

వెళ్లాను. తలుపు బయట నిలబడమని సైగ చేశారు. కాలువ మీది గాలి ఆ కంతలోంచి వచ్చి గది నిండా తిరుగుతోంది. నోటు పుస్తకాల పేజీలు టపటపమంటున్నాయి, పిల్లలు నవ్వుతూ వాటిని అరచేతులతో అదిమిపడుతున్నారు. మీటరు మీద అంకె ముప్ఫై ఎనిమిది. అందులో పచ్చలైటు ఉందన్న సంగతే నేను మరిచిపోయాను. శ్రీనిధి నిలబడి తెలుగు పాఠం చదువుతోంది. పేరా చివరికి వచ్చింది. ఆగుతుందనుకున్నాను. ఎప్పుడూ అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆగలేదు. పేజీ తిప్పి చదువుతూనే పోయింది. నాకు కళ్ల నీళ్లు వచ్చేశాయి. వెటకారం రాసుకు బతికేవాడికి ఇది నామోషీయే. అయినా వచ్చాయి.

సాయంత్రం బసవేశ్వరరావు గారు బహుమతిని చూడ్డానికి వచ్చి మీటరును చూశారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదేంటండి, ముప్ఫై ఎనిమిదా? యంత్రం ఇంకా ఆన్ చేయనేలేదే!"

"కిటికీ లేదు కదండీ" అన్నాను.

"అదే మరి. యంత్రం పనిచేయక ముందే గాలి బాగుంటే యంత్రం ఎందుకు ఇచ్చామని అడగరా అండి? పైగా మూసి ఉన్న గదిలోనే పనిచేస్తుందని కంపెనీ వాళ్లు రాశారు." ఆయన గొంతులో నిజమైన ఆందోళన ఉంది. మర్నాడు తాపీ మేస్త్రీలు వచ్చారు. మళ్లీ కిటికీ పెడతారేమో అని పిల్లలు చూస్తూ నిలబడ్డారు. వాళ్లు ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, పైన పచ్చరంగు వేశారు. గోడ ఇప్పుడు చాలా నున్నగా ఉంది.

యంత్రానికి పసుపు, కుంకుమ, కింద నాలుగు నిమ్మకాయలు. దుమ్ము పడుతుందని ప్లాస్టిక్ కవరు తీయలేదు. దానికి వేరే కరెంటు లైను కావాలట, మంజూరు కావాల్సి ఉంది. కిటికీ కంతలోంచి దిగిన చోటే దాన్ని ఉంచేశారు, మళ్లీ కదిపే ఓపిక ఎవరికీ లేదు. అది శ్రీనిధి కూర్చునే చోటు. మా అమ్మాయిని వెనక బెంచీకి మార్చారు.

ఇన్‌హేలర్ సంచిలో నీళ్ల సీసా పక్కనే ఉండిపోయింది. మొన్న బడి నుంచి వస్తూ స్కూటరు మీద వెనక నుంచి అడిగింది.

"నాన్నా, మనకి మళ్లీ ప్రైజు ఎప్పుడొస్తుంది?"

"ఎందుకమ్మా?"

"ప్రైజొస్తే కిటికీ చోట గోడ పీకుతారుగా."

మర్నాడు శాఖకు వెళ్లి, మెట్లెక్కి, నాలుగు కిటికీల గదిలో నిలబడి, వచ్చే ఏడు కూడా మా బడికే బహుమతి వచ్చేలా చూడమని బతిమాలుకున్నాను. నా మొహాన అంత ఉత్సాహం చూసి బసవేశ్వరరావు గారు ఎంతో సంతోషించారు.

"దిగులు పడకండి, వచ్చే ఏడూ మనదే. మొన్న గోడకి పడ్డ ఇబ్బంది కూడా మనసులో పెట్టుకున్నానండి. ఈసారి తలుపులో పట్టేదే పంపమని ఇప్పుడే రాసేశాను."